సగం పడవ నాణెం

మా మరదలు ఒక్క వారంలో ఎనిమిది నాణేలు అమ్మిందని తమ్ముడు ఫోన్ చేసి చెప్పాడు. అప్పుడు నేను నా కుట్టు దుకాణంలో కూర్చుని ఎవరి ప్యాంటుకో పాడైన జిప్పు విప్పుతున్నాను. "ఎనిమిదా! చాలా సంతోషంరా" అన్నాను. అంటూ ఉండగానే కత్తెర మొన జారి గుడ్డ చిరిగింది.

సంతోషం లేదు, గాడిద గుడ్డూ లేదు. ఒళ్ళు మండిపోయింది. ఆ చిరుగు కనపడకుండా కుట్టడానికి గంట పట్టింది. ప్యాంటు తాలూకు మనిషి వచ్చి గొణుగుతుంటే కూలి కూడా వదులుకున్నాను. అదంతా మా మరదలి చలవే.

అవి మా నాన్న నాణేలు. నాన్న ముప్పయ్యేళ్ళు బస్సు కండక్టరుగా చేశారు. టికెట్ల సంచిలోకి వచ్చే చిల్లరలో వింత నాణెం కనబడితే చాలు, అంతే విలువ గల చిల్లర తన జేబులోంచి తీసి సంచిలో వేసి, దాన్ని చొక్కా పైజేబులో దాచేవారు. పరాయి దేశాలవి, అరిగిపోయినవి, అచ్చు తప్పినవి. సెలవురోజున వాటిని పాత దుప్పటి మీద పరుచుకుని కూర్చుంటే పక్కన నేనుండేదాన్ని. తమ్ముడికి ఆ ధ్యాసే లేదు, వాడికి వీధిలో ఆటలుంటే చాలు. భూతద్దం ఎంత దూరంలో పట్టుకోవాలో, అంచు మీద గోరు పెట్టి గీతలెలా తడిమి చూడాలో, ఎంత మురికిగా ఉన్నా నాణేన్ని ఎందుకు తోమకూడదో, అన్నీ నాన్న నాకే నేర్పారు. ఆ విద్య మా ఇంట్లో నాకొక్కదానికే వచ్చని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పుకునేదాన్ని.

పోయినేడాది నుంచి నాన్నకి చూపు మందగించింది. ఇంక ఇంతేనని డాక్టరు చెప్పేశాడు. ఒకరోజు నాణేల డబ్బాకి మూత పెట్టేసి, "నాకు కనపడనివి నా దగ్గరెందుకే? చూసి మురిసిపోయేవాళ్ళకి పోనీ. ఊరికే ఇస్తే విలువుండదు, అమ్మిపెట్టు" అన్నారు. అమ్మిపెట్టమన్నది నన్ను! ఎంత పొంగిపోయానో చెప్పలేను.

ఫోటోలు తీసి, పాత వస్తువులు అమ్ముకునే యాప్‌లో పెట్టిన గంటకే మారుబేరగాళ్ళు దిగారు. నాణేలంటే నిజంగా ఇష్టమున్నవాడు ముందు నాణెం సంగతి అడుగుతాడు. వీళ్ళు నమస్కారం కూడా పెట్టరు. "లాస్ట్ ఎంత?" అంతే. చెబితే, "సగానికి ఇస్తే ఇప్పుడే డబ్బు పంపిస్తా." కాదంటే, "పోస్టు ఖర్చు మీదే కదా?" ఒకడు కిలో లెక్కన ఇస్తారా అన్నాడు. ఇంకొకడు తన కొడుకు పుట్టినరోజనీ, వాడికి నాణేలంటే ప్రాణమనీ కాళ్ళావేళ్ళా పడి సగం ధరకి పట్టుకుపోయాడు. మర్నాడే దాన్ని మూడింతల ధరకి అమ్మకానికి పెట్టాడు, అదీ నేను తీసిన ఫోటోతోనే. వెనకాల నా కుట్టుమిషను కూడా కనబడుతోంది! నాకసలే ముక్కు మీద కోపం. వాడి ఏడు తరాల వాళ్ళనీ కడిగిపారేశాను. వాడు ఫిర్యాదు చేశాడు, యాప్ వాళ్ళు నా ఖాతా మూసేశారు.

నాన్న విని నవ్వారు. "నీ నోటికి బేరాలు కుదరవులేవే. అమ్మాయి చూసుకుంటుంది" అన్నారు.

అమ్మాయంటే తమ్ముడి భార్య, మా మరదలు. నాన్న ఉండేది వాళ్ళ దగ్గరే. ఆవిడగారిది ఆసుపత్రిలో రిసెప్షన్ బల్ల దగ్గర ఉద్యోగం. ఎవరెంత అరిచినా "కూర్చోండి సార్, పిలుస్తాం" అని నవ్వుతూ చెప్పాలి. అలా చెప్పీ చెప్పీ మాట్లాడితే తేనె కారుతుంది. కానీ నాణేల గురించి దానికేం తెలుసు? బొమ్మేదో బొరుసేదో తెలియదు.

దాని అమ్మకాల పేజీ రోజుకి పదిసార్లు చూసేదాన్ని. నన్ను అంత ఏడిపించిన మారుబేరగాళ్ళే అక్కడికొచ్చి, అడిగినంతా ఇచ్చి, "థాంక్యూ మేడమ్" అని పోతున్నారు. కళ్ళల్లో నిప్పులు పోసుకోవడమంటే ఏమిటో నాకు ఆ వారంలో తెలిసింది. దానికి నష్టం రావాలని కోరుకున్నాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, కోరుకున్నాను. నాన్న నోట "పెద్దదే నయం" అన్న మాట ఒక్కసారి వినాలనిపించింది.

సరిగ్గా అప్పుడే అది సగం పడవ నాణేన్ని అమ్మకానికి పెట్టింది. డబ్బాలోకెల్లా నాన్నకి ప్రాణం లాంటిది అదే. అచ్చు వేసేటప్పుడు రేకు పక్కకి జరిగిపోయి, పడవ బొమ్మ సగమే పడింది. మిగతా సగం నున్నగా ఖాళీ.

దుకాణం ఫోన్ నంబరుతో ఇంకో ఖాతా తెరిచాను. 'నాణేల నిపుణుడు' అని పేరు పెట్టుకున్నాను. మారుబేరగాళ్ళు నాకు నేర్పిన పాఠాలన్నీ ఒక్కొక్కటే అప్పజెప్పాను.

"లాస్ట్ ఎంత?" అని రాశాను.

"నమస్కారమండీ. ధర తగ్గించలేను. నాణెం గురించి ఏమైనా అడగండి, తెలిసినంతలో చెప్తాను" అని జవాబొచ్చింది.

అబ్బో, ఏం తెలుసమ్మా నీకు చెప్పడానికి! "ఇలాంటి చెత్త మా దగ్గర డబ్బాలకొద్దీ ఉంది. సగం బొమ్మకి సగం ధర కూడా ఎక్కువే" అన్నాను. మళ్ళీ అదే మర్యాద. మర్నాడు ఇంకో అడుగు వేశాను. "ఏ చాదస్తపు ముసలాడు పోగుచేశాడో ఈ చిల్లరంతా, మీరు దాన్ని మా నెత్తిన రుద్దుతున్నారు" అని రాశాను. రాసి, నాలుక కరుచుకున్నాను. కానీ అది చదివేది మరదలే కదా, ఉడుక్కోనీ అనుకుని ఊరుకున్నాను.

మూడోరోజు మధ్యాహ్నం పొడుగాటి జవాబు వచ్చింది. 'ఒక వానరోజు చివరి ట్రిప్పులో మూటతో ఒక ముసలమ్మ బస్సెక్కింది. ఆమె దగ్గర ఈ నాణెం ఒక్కటే ఉంది. పొద్దుటి నుంచి ఏ కొట్టువాడూ తీసుకోలేదట, చెల్లదని. కండక్టరు తీసుకుని టికెట్టు ఇచ్చాడు. దిగేటప్పుడు ఆమె మూడుసార్లు వెనక్కి తిరిగి చూసింది, ఎక్కడ వెనక్కి పిలిచి ఇచ్చేస్తాడోనని. అందుకని దీన్ని సగానికి ఇవ్వలేనండీ.'

మిషను ఆపేశాను. ఆ కథ నాది! దుప్పటి మీద పక్కన కూర్చోబెట్టుకుని నాన్న నాకు చెప్పిన కథ, నాకొక్కదానికే చెప్పారని ఇన్నేళ్ళూ అనుకున్న కథ. నాన్నని తీసుకుంది, నాణేల్ని తీసుకుంది, ఇప్పుడు దీన్ని కూడా బేరంలో వాడుకుంటోందా? నాన్న నేర్పిన విద్యంతా బయటికి తీశాను.

"అచ్చు పక్కకి జరిగిన నాణేనికి అంచు మీద గీతలు పడవు. మీ ఫోటోలో గీతలు కనబడుతున్నాయి. ఎవడో మామూలు నాణేన్ని అరగదీసి తయారుచేశాడు. ఇది నకిలీ. మీ దగ్గర కొన్నవాళ్ళందరూ మోసపోయినట్టే."

గీతలు లేవని నాకు తెలుసు. వందసార్లు తడిమిన అంచు అది.

గంట తిరక్కుండా నాణెం యాప్‌లోంచి మాయమైంది. ఆ పూట నా అంత సుఖంగా ఎవరూ లేరు. కూనిరాగాలు తీస్తూ నాలుగు ప్యాంట్లకి అంచులు కుట్టేశాను.

మర్నాడు పొద్దున్నే తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, ఒకసారి రావే. నాన్న నిన్నటి నుంచి భోంచెయ్యలేదు."

"ఏమైందిరా?"

"ఎవడో నిపుణుడట, పడవ నాణెం నకిలీ అన్నాడు. అదే నకిలీ అయితే మిగతావి మంచివని నమ్మకమేముందని, కొన్న ఎనిమిది మందికీ వెనక్కి పంపెయ్యమని రాయించారు. ముగ్గురు పంపేస్తామన్నారు కూడా. ముప్పయ్యేళ్ళు చెల్లని చిల్లర పోగేశానా అని ఒకటే కుమిలిపోతున్నారు."

"రాయించారా? ఎవరిచేత?"

"మీ మరదలిచేత. మొదట్నుంచీ నాన్నే కదే చెప్పేది! తను చదివి వినిపిస్తుంది, నాన్న చెప్పింది టైపు చేస్తుంది. నీకు తెలీదా?"

నాకు తెలీదు. ఆ మర్యాదంతా నాన్నది. ఆ కథ నాన్నే చెప్పారు. చాదస్తపు ముసలాడు అన్న మాట ఎక్కడికి చేరిందో తలుచుకుంటూ వాళ్ళింటికి పరుగెత్తాను. దుకాణానికి తాళం వేశానో లేదో కూడా గుర్తులేదు.

నాన్న మంచం మీద కూర్చుని ఉన్నారు. నా అడుగుల చప్పుడు వినగానే పడవ నాణెం ఉన్న చెయ్యి చాచారు. "వచ్చావా? నీకోసమే చూస్తున్నా. అమ్మాయికి నాణెం చూడ్డం రాదు. అంచు మీద గీతలున్నాయో లేవో నువ్వు చెప్పు. నా వేలు మొద్దుబారిపోయిందే, ఉన్నట్టే అనిపిస్తోంది."

లేని గీతలు ఆయన వేలికి తగిలేలా చేశాను నేను. గోరు పెట్టి అంచు చుట్టూ తడిమాను. "లేవు నాన్నా. అసలుదే" అన్నాను.

"నా సంతోషం కోసం అంటున్నావు. అంత తెలిసినాయన ఊరికే రాస్తాడా? అమ్మాయ్, ఫోను వదినకివ్వు. ఆయన రాసినవన్నీ మొదట్నుంచీ చదవవే. ఒక్కోదానికీ నాణెం చూసి నువ్వు జవాబు చెప్పు, అప్పుడు నమ్ముతా."

మరదలు ఫోను వెనక్కి పెట్టుకుంది. "వదినకెందుకు మామయ్యా శ్రమ, నేనే చదువుతాను" అంది.

ఇప్పుడు కూడా నన్ను ముందుకి రానివ్వదా అని, ఏం చెప్పను, ఆ క్షణంలో కూడా నాకు కుళ్ళే. ఫోను లాక్కున్నంత పని చేసి గట్టిగా చదవడం మొదలుపెట్టాను. "లాస్ట్ ఎంత... ఇలాంటి చెత్త మా దగ్గర డబ్బాలకొద్దీ..."

నాన్న చెయ్యెత్తారు. "చెత్త అన్నాడా? అమ్మాయి అలా చదవలేదే. ఇలాంటివి మా దగ్గర కూడా ఉన్నాయండీ అన్నాడని చదివింది."

మరదలు తల వంచుకుంది. తర్వాతి ముక్క కళ్ళెదుట ఉంది. నేను రాసిందే, ఒక్క అక్షరం పోకుండా ఉంది.

"చదవవే."

"వదిలెయ్యండి వదినా" అంది మరదలు మెల్లగా. అది నేనేనని దానికి అప్పటికే తెలుసో లేదో నేను ఇప్పటిదాకా అడగలేదు. చాదస్తపు ముసలాడన్న మాట నాన్న చెవిన పడకుండా రెండు రోజులుగా మింగి కూర్చుంది. నా తండ్రిని నా నోటి నుంచి అది కాచింది.

"ఆ నిపుణుడు నేనే నాన్నా" అన్నాను. "దుకాణం ఫోన్లోంచి రాశాను. మీరు వింటున్నారని తెలీదు. మరదల్ని చూసి ఓర్వలేక రాశాను. మీరు నన్ను కాదని దీనికిచ్చారని."

నాన్న తడుముకుని నా చేతిలోంచి నాణెం తీసుకున్నారు. తర్వాత అడిగారు, "అయితే గీతలు లేవా?"

"లేవు."

"నిజంగా?"

"నిజంగా లేవు నాన్నా."

ఆయన మొహం విప్పారింది. నన్ను లాగి చెంప మీద కొట్టినా అంత బాధుండేది కాదు. నాణేన్ని గుప్పిట్లో మూసుకుని మరదలి వైపు తిరిగారు. "రాయమ్మా, ఎనిమిది మందికీ. నాణేలన్నీ అసలువే, ఎవరూ వెనక్కి పంపక్కర్లేదు. నకిలీ అన్నది మా పెద్దమ్మాయి, ఓర్వలేక అంది."

మరదలి వేలు ఆగిపోయింది. "పెద్దమ్మాయని ఎందుకు మామయ్యా? ఎవరో పొరపాటు పడ్డారని రాస్తాను."

నాన్న నేనున్న వైపు మొహం తిప్పారు.

"ఆయన చెప్పింది చెప్పినట్టు రాయి" అన్నాను.

అది టైపు చేసి, పంపేముందు ఎప్పటిలాగే ఆయనకి చదివి వినిపించింది. ఈసారి ఒక్క మాట కూడా మార్చలేదు.