బావ వేలు, పవర్ బటన్

మా బావకు కంప్యూటర్ల గురించి తెలియనిదంటూ లేదు. ఆ సంగతి కంప్యూటర్లకే ఇంకా తెలియలేదు.

పెళ్లయ్యాక మానేసిన ఉద్యోగంలోకి అక్క మళ్లీ అడుగుపెట్టాలని చూస్తున్న రోజది. పదకొండింటికి ఆన్‌లైన్‌లో ఇంటర్వ్యూ. ఫోన్లో కుదరదు, ల్యాప్‌టాప్ ఉండాల్సిందే అన్నారు. పొద్దున్నే దాంట్లో అదేదో అప్‌డేట్ మొదలైంది. సగంలో తెర మీద చక్రం తిరుగుతుంటే బావకు ఓపిక నశించింది. "హ్యాంగైపోయింది" అని తీర్పు చెప్పి, పవర్ బటన్ నొక్కిపట్టాడు. మళ్లీ ఆన్ చేస్తే, ఒక్కో భాగాన్నీ పనిచేయించే ప్రోగ్రాములు, అదే డ్రైవర్లు, గల్లంతు. వైఫై లేదు, స్పీకర్ పలకదు, మైకు వినదు.

ఆ ముఖంలో పశ్చాత్తాపం వెతకడం నా బుద్ధితక్కువే. వేరే మోడల్ డ్రైవర్లేవో పెన్‌డ్రైవ్‌లో ఉంటే, "అన్నీ ఒకటేలే" అంటూ ఎక్కించాడు. దాంతో టచ్‌ప్యాడ్ కూడా చచ్చింది.

"మీ అక్క అదృష్టం, నేను ఇంట్లో ఉన్నాను. ఇప్పుడు వైఫై డ్రైవర్ నెట్‌లోంచి దించుకుంటే సరి."

"నెట్ ఏది బావా?"

"అందుకేగా వైఫై డ్రైవర్ కావాలంటున్నా!"

ఇంత తెలివి ఒక్క తలలో ఎలా పట్టిందో! నాకు ఒళ్లు మండిపోయింది. అక్క మాత్రం చేతిరుమాలు నలుపుతూ గడియారం వైపు చూస్తోంది.

బావను జరగమని మౌసు తగిలించాను. ఆయన ఎక్కించిన చెత్తంతా తీసేశాను. ల్యాప్‌టాప్ అడుగున స్టిక్కర్ మీద మోడల్ నంబరు చూసి, ఫోన్‌ను కేబుల్‌తో కలిపి, దాని నెట్‌తో సరైన డ్రైవర్లు దించి ఎక్కించాను. రీస్టార్ట్ కొట్టాను.

చక్రం తిరుగుతోంది. తిరుగుతూనే ఉంది.

"మళ్లీ హ్యాంగైంది," అంటూ బావ వేలు బటన్ మీదికి వెళ్లింది.

అక్క ఆ చెయ్యి పట్టుకుంది. ఇన్నేళ్ల కాపురంలో ఆమె ఆయన్ని ఆపడం నేనెప్పుడూ చూడలేదు. తెర వెలిగేదాకా వదల్లేదు.

"చూశావా, నేను చెప్పినట్టు చేశావు కాబట్టి వచ్చింది," అన్నాడు బావ నాతో. సిగ్గుకు మాత్రం ఆయనలో ఎవరూ డ్రైవర్ ఎక్కించలేదు.

"అక్కా, ఏదో ఒకటి మాట్లాడు. రికార్డు చేసి విందాం, మైకూ స్పీకరూ రెండూ తేలిపోతాయి."

అక్క మైకు దగ్గరికి వంగింది. "ఏమండీ, మీరు బయటికెళ్లి కూర్చోండి. నా పని అయ్యేదాకా లోపలికి రావొద్దు," అంది మెల్లగా.

"టెస్టింగేగా!" అని నవ్వబోయాడు బావ.

ప్లే నొక్కాను. అక్క గొంతు గదంతా మోగింది.

"ఇంకోసారి పెట్టవే," అంది అక్క, ఆయన కళ్లలోకి చూస్తూ.

రెండోసారి పూర్తయ్యేసరికి బావ గడప అవతల ఉన్నాడు. తలుపు అక్కే వేసింది.