వీపు చూపించిన కోడలు

టీవీలో గయ్యాళి కోడలి వేషం వేసే ఆవిడ వీధిలోకి వస్తే పిల్లలు తల్లుల చాటుకు దూరేవాళ్ళు. కూరగాయల కొట్టతనైతే ఆవిడ నోరు తెరవకముందే ధర తగ్గించేవాడు. పాపం, ఆవిడ ఇంట్లో పిల్లినైనా గట్టిగా అదిలించి ఎరగదు. ఆ సీరియల్లో కోడలూ ఆవిడే, ఆ కోడలు తిట్టే తిట్లు రాసేదీ ఆవిడే. అందుకే స్టూడియోలో అందరూ ఆవిణ్ణి రైటరమ్మ అనేవాళ్ళు.

ఆవిడకి ఈ రాత పిచ్చి ఈనాటిది కాదు. చిన్నప్పుడు మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక వాళ్ళమ్మా, పిన్నీ వరండాలో చేరేవాళ్ళు. వారపత్రికలో సీరియల్ చదివి వినిపించడం ఈ పిల్ల పని, ఎందుకంటే వాళ్ళిద్దరికీ అక్షరమ్ముక్క రాదు. కథలో ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే చాలు, పిన్ని కొంగుతో కళ్ళొత్తుకునేది. పిల్లకి చూడబుద్ధి కాక, మందు వేళకి అందిందనీ, మనిషి లేచి కూచున్నాడనీ చదివేసేది. పై వారం కథలో ఆ మనిషి ఊసే లేకపోతే, పనిమీద పక్క ఊరు వెళ్ళాడనేది. ఆ పత్రికవాళ్ళు ఎంత మంచివాళ్ళో, ఒక్కణ్ణీ చావనివ్వరని పిన్ని మురిసిపోయేది.

పిన్ని స్టూడియోలో వేషాల బట్టలు కుట్టేది. పిల్ల చదువు అయిపోగానే ఆవిడే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి అక్కడ మాటలందించే పనిలో పెట్టింది. సీరియల్ వాళ్ళకి రాసిన పేజీలు పొద్దున వస్తే మధ్యాహ్నానికి షూటింగ్ అయిపోవాలి. బట్టీ పట్టే తీరికెక్కడిది? కెమెరా పక్కన ఒక మనిషి నిలబడి ఒక్కో మాటా పైకి చదువుతుంటే, నటులు అది విని తమ మాటలా అనేస్తారు. అసలు గొంతులు తర్వాత వేరే గదిలో పలికించి అతికిస్తారు. మన పిల్ల గొంతు గంటలా ఉండేది, పొద్దుగూకులూ చదివినా బొంగురుపోయేది కాదు.

ఒకరోజు కోడలి వేషం వేసే అమ్మాయి రాలేదు. మాటలన్నీ వచ్చిన పిల్ల ఎదురుగానే ఉందిగా అని డైరెక్టరు ఈ పిల్లకి చీర కట్టించి నిలబెట్టాడు. తన మాటలు చక్కగానే చెప్పింది. కానీ ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే కూడా ఈమె పెదవులు ఆడిపోతున్నాయి. మామగారి మాటకీ ఆడాయి, మరిది మాటకీ ఆడాయి, చివరికి ఇంటికొచ్చిన పోలీసు మాటకీ ఆడాయి. అందించే అలవాటు, ఎక్కడికి పోతుంది? డైరెక్టరు తల పట్టుకున్నాడు.

అత్తగారి వేషం వేసే పెద్దావిడ అప్పుడు పిల్లని పక్కకి పిలిచింది. అందరూ ఆవిణ్ణి పెద్దమ్మ అంటారు. స్టూడియోలో దీపాలకంటే ఆవిడే పాత అని వేళాకోళం చేసేవాళ్ళు. ఎదుటివాళ్ళు మాట్లాడుతున్నంతసేపూ పళ్ళు గట్టిగా బిగించి కూచోమని పెద్దమ్మ ఉపాయం చెప్పింది. పిల్ల అలాగే చేసింది. టీవీలో చూసినవాళ్ళకి మాత్రం ఆ బిగిసిన దవడలో కొండంత కోపం కనబడింది. అమ్మో, ఆ కోడలు మింగేసేలా ఉందే అన్నారు. ఆ రోజు రాని అమ్మాయి తిరిగొచ్చినా వేషం ఈమెకే ఉండిపోయింది. కొన్నేళ్ళకి మాటలు రాసే పనీ ఈమె ఒళ్ళోనే పడింది. పెళ్ళయింది, కూతురు పుట్టింది, కూతురు కాలేజీకొచ్చింది. దవడ మాత్రం అలా బిగిసే ఉంది.

ఇంతలో పెద్దమ్మ తడబడటం మొదలెట్టింది. మాటలందించే అబ్బాయి చదువుతూనే ఉంటాడు, ఆవిడ అటూ ఇటూ చూస్తుంది. ఒకటి చెప్పమంటే మరొకటి చెబుతుంది. ఆవిడకి మతి జారుతోందని గుసగుసలు బయలుదేరాయి. మేనేజరు రైటరమ్మని పిలిచి, వచ్చేవారం అత్తగారు మేడమెట్ల మీంచి జారిపడి చనిపోయినట్టు రాసెయ్యమన్నాడు. అదేదో కొట్టునుంచి సబ్బు తెమ్మన్నంత తేలిగ్గా చెప్పాడు. రైటరమ్మ తిన్నగా పెద్దమ్మని వెతుక్కుంటూ వెళ్ళింది.

మేకప్ గదిలో పెద్దమ్మ అద్దం ముందు జడ అల్లుకుంటోంది. రైటరమ్మ వెనకనుంచి పిలిస్తే పలకలేదు. మళ్ళీ పిలిచినా పలకలేదు. అద్దంలో మొహం కనబడ్డాక మాత్రం, ఏమే పిల్లా ఎప్పుడొచ్చావంది. రైటరమ్మ తల దించుకుని ఏదో అడిగింది, జవాబు లేదు. అదే మాట తలెత్తి అడిగితే టక్కున జవాబొచ్చింది. అప్పటికి గానీ రైటరమ్మకి సంగతి అర్థం కాలేదు.

"చెవులు పోయాయే పిల్లా, మతి పోలేదు," అంది పెద్దమ్మ. "చెవి మిషను కొన్నాను. పెట్టుకుంటే ఫ్యాను హోరూ, లైటువాళ్ళ కేకలూ అన్నీ కలిసి సంతలో ఉన్నట్టుంటుంది. ఆ అబ్బాయి పెదవులు చూద్దామంటే తల పేజీలో దూర్చి చదువుతాడు."

"మరి చెప్పొచ్చుగా పెద్దమ్మా. ఆ మేనేజరు మిమ్మల్ని మెట్లమీంచి తోయిస్తున్నాడు."

"చెబితే జాలి పడతారు. జాలిపడి పళ్ళూ పూలూ తెస్తారు కానీ వేషమివ్వరు. ఇంట్లో కూచుని ఏం చెయ్యను? మా మనవరాలు నాకు అన్నం ఎలా తినాలో నేర్పుతోంది."

ఇద్దరూ నవ్వుకున్నారు. కానీ ఇంటికొచ్చి రాయడానికి కూచుంటే రైటరమ్మ చెయ్యి ఆడలేదు. వరండాలో పిన్ని కళ్ళొత్తుకోవడం గుర్తొచ్చింది. మెట్ల సంగతి పక్కన పెట్టింది. అత్తా కోడలూ వంటింట్లో బల్లకి చెరోవైపు కూచుని పాత లెక్కలన్నీ తేల్చుకునే సీను రాసింది. పైన ఒక ముక్క కూడా చేర్చింది: కెమెరా కోడలి వీపు వెనక ఉండాలి, అత్త మొహం మాత్రమే కనబడాలి.

మేనేజరు పేజీలు తిరగేసి, సీనంతా మీ మొహమే లేదేమిటమ్మా అన్నాడు. ఏ నటి అయినా మొహం ఎక్కువ చూపించమంటుంది గానీ తగ్గించుకోవడం ఆయనెక్కడా వినలేదు.

"ఇన్నేళ్ళూ నా మొహం చూసి భయపడ్డారు. కాస్త వీపు కూడా చూడనివ్వండి," అంది రైటరమ్మ. "ఇది బాగుంటే పెద్దమ్మ ఉంటుంది. పాడైతే మెట్లు ఎలాగూ ఉన్నాయి."

సరే, ఈ ఒక్కసారికి అన్నాడు మేనేజరు.

షూటింగ్ నాడు మాటలందించే అబ్బాయి ఎప్పటిలా తల వంచుకుని చదివాడు. బల్లకి ఇవతల రైటరమ్మ బిగించిన దవడ వదిలేసింది. ఇన్నేళ్ళూ పళ్ళ వెనక కట్టేసిన అలవాటు, తలుపు తీసిన దూడలా ఉరికింది. అత్త మాటలన్నీ చప్పుడు లేకుండా ఈమె పెదవుల మీద ఆడాయి. పెద్దమ్మ ఆ పెదవుల్నే చూస్తూ ఒక్కో మాటా అందుకుంది. ఎక్కడా తడబాటు లేదు. చూసేవాళ్ళకి, కోడల్ని కళ్ళతోనే కట్టిపడేసిన అత్తగారిలా ఉంది. లైటువాళ్ళు కూడా పని మాని చూశారు.

పేజీలో ఉన్న మాటలైపోయాయి. డైరెక్టరు ఆపమనబోతుంటే పెద్దమ్మ ఎవరూ అందించని మాట అంది.

"ఇంతకాలం ఆ పళ్ళెందుకు బిగించావే? ఇక్కడ నేనొక్కదాన్నే చూస్తున్నాను. నవ్వు."

రాయని మాటకి రైటరమ్మ నవ్వేసింది. భుజాలు కదిలాయి. డైరెక్టరు చెయ్యి గాల్లోనే ఉండిపోయింది, సీను ఆపలేదు. అయ్యాక వచ్చి, పెద్దమ్మ మొహం వైపు నిలబడి, ఇలాంటి సీను వారానికొకటి కావాలన్నాడు. ఆయన ఏం గ్రహించాడో ఏమో, మాటలందించే అబ్బాయిని పిలిచి ఇకనుంచి కాస్త తలెత్తి చదవరా అని మాత్రం చెప్పాడు.

టీవీలో అది వచ్చిన రోజు ఇంట్లో కూతురు ఒకటే సాధింపు. "అమ్మా, అక్కడ నువ్వు ఏడ్చావు కదూ? మా స్నేహితురాళ్ళంతా ఏడ్చావనే అంటున్నారు."

"వీపుకి ఏడుపేమిటే, పోయి చదువుకో," అంది రైటరమ్మ.

మర్నాడు కూరగాయల కొట్టతను మాత్రం ధర తగ్గించలేదు. పైగా అత్తగారు కులాసాయేనా అని అడిగాడు. రైటరమ్మకి అది ఎంత బాగుందంటే, అడిగిన ధరే ఇచ్చేసి వచ్చింది.

స్టూడియోకి వెళ్ళేసరికి మేనేజరు గుమ్మంలోనే పట్టుకున్నాడు. మేడమెట్ల కింద పరుపులన్నీ పరిపించేశాం, వాటినేం చేయమంటారని ఆయన గోల. పెద్దల్లుడి వేషం వేసే ఆయన చాలాకాలంగా సెలవడుగుతున్నాడని రైటరమ్మకి గుర్తొచ్చింది.

"అల్లుణ్ణి జారిపడనివ్వండి," అంది సంచీ కింద పెడుతూ. "ప్రాణం మీదికి రాదులెండి. కాలు బెణికి, పక్క ఊరు వెళ్ళి కట్టు కట్టించుకుంటాడు."