తలుపు చాటు కంచం

"గోడకి తిరిగి తినే. నీ కంచం ఎవుల కంటా పడకూడదు" అంటూ మా అత్త సుభద్రమ్మ వంటింటి తలుపు దగ్గరగా వేసింది. మామగారూ మా ఆయన జగన్నాధమూ తిని లేచారు. అత్త తింది. వాళ్ళ కంచాలు తోమి, పొయ్యి అలికి, మిగిలింది పెట్టుకుని తలుపు వెనక కూర్చున్నాను. ఎదురుగా మసి గోడ. రెండు ముద్దలు దిగాయి. మూడోది గొంతులోనే ఉండిపోయింది. పెరట్లోకి పరుగెత్తాను.

"కక్కేసినావా? సెప్పలేదేటి, దిష్టి!" అని అత్త ఉప్పూ ఎండుమిరపకాయలూ నా చుట్టూ తిప్పి పొయ్యిలో పడేసింది. ఘాటు రాలేదు కనక దిష్టేనని తేల్చేసింది. నిప్పు చల్లారిన పొయ్యిలో ఘాటెక్కణ్ణుంచి వస్తుంది?

పాతపట్నం దగ్గరున్న ఈ ఊరికి కాపరానికొచ్చిన కొత్తలో నేను కడుపునిండా తినేదాన్ని. రైతింట పుట్టినదాన్ని, ఆకలికి సిగ్గేమిటి? ఒకరోజు చుట్టాలు వచ్చారు. వాళ్ళందరి ముందూ అత్త నవ్వుతూ, "మా నీలవేణి తింటంటే సూడాల! పుట్టింట కూడు పెట్టకుండా పంపీసినట్టున్నారు" అంది. అందరూ నవ్వారు. మా ఆయనా నవ్వాడు. అత్త మాట కంటే ఆ నవ్వే నన్ను కోసింది. ఆనాటి నుంచి వడ్డించకముందే "చాలు" అనడం నేర్చుకున్నాను. కొన్నాళ్ళకి నా పొట్ట కూడా ఆ మాట నమ్మేసింది. ముద్ద నోట్లో పెట్టుకుంటే చాలు, ఎవరో నవ్వుతున్నట్టే ఉండేది.

చేతి గాజులు మోచేతి దాకా జారడం మొదలయ్యాక, ఆ చుట్టాల కళ్ళు పడ్డాయని అత్త తీర్మానించింది. అప్పుడే ఈ తలుపు చాటు వైద్యం పుట్టింది. అది కుదరక పాతపట్నంలో డాక్టరుకి చూపించారు. ఆయన పొట్ట నొక్కి చూసి, "లోపల జబ్బేం లేదు. మనసులో ఏమైనా దిగులుందా అమ్మా?" అని నన్నడిగాడు. నేను నోరు తెరిచేలోగా అత్త అందుకుంది. "దిగులేటి బాబూ! కూడున్నాది, గుడ్డున్నాది, మొగుడున్నాడు." ఆయన టానిక్కు రాసిచ్చాడు.

ఇంటికొచ్చాక అత్త కొడుకుతో చెప్పింది. "దసరా దాకా సూద్దుమురా. అప్పటికీ తేరుకోకపోతే పుట్టింట దింపీద్దాం. ఈ రోగిష్టిది పిల్లల్నేటి కంటాది? నీకు ఇంకో పిల్లని సూస్తాను." మా ఆయన ట్రాన్సిస్టరు చెవి తిప్పుతూ కూర్చున్నాడు. నా బతుకు కంటే ఆ గరగరలు సరిచెయ్యడమే అతనికి ముఖ్యమైపోయింది. ఒళ్ళు మండిపోయింది నాకు.

వరి ఉడుపులు మొదలయ్యాయి. పొలంలోకి అంబలి ఎప్పుడూ అత్తే పట్టుకెళ్ళేది. ఆ వేళ మోకాలు పట్టేసి నన్ను పంపింది. నేను పొద్దున చోడిపిండితో కాచిన అంబలే అది. ఇంట్లో రుచి చూడబోతేనే డోకొచ్చింది. తపేలా గట్టు మీద దించి పక్కకి నిలబడ్డాను. నాట్లేసే కూర్మమ్మ కాళ్ళు కడుక్కుని వచ్చి నా మొహంలోకి చూసింది.

"ఏటి కోడలమ్మా, అలా నిలబడిపోనావు? నువ్వు తిన్నావా?"

ఆ ఇంట్లో నన్నెవరూ అడగని మాట. "నేదు" అన్నాను, కన్నీళ్ళు ఆపుకోలేకపోయాను.

"కూకో మరి. పస్తుండి మాకు అంబలి పోత్తావేటి?" అని ఆకుదొన్నెలో అంబలి పోసి, కాల్చిన ఎండుచేప ముక్క చేతిలో పెట్టింది. ఆడవాళ్ళంతా చుట్టూ కూర్చుని తమ మొగుళ్ళ గురించి చెప్పుకుని నవ్వుతున్నారు. నేనూ నవ్వాను. దొన్నె ఎప్పుడు ఖాళీ అయిందో తెలీదు. "ఇంకాస్త పొయ్యనా?" అంది కూర్మమ్మ. దొన్నె చాపాను.

అప్పుడు భయం పట్టుకుంది. ఇంతమంది కళ్ళ ముందు తిన్నాను, ఇక కక్కడమే. గట్టుకవతల చోటు కూడా చూసుకున్నాను. వాన వచ్చి వెలిసింది. వాళ్ళు మళ్ళీ మడిలో దిగారు. నాకేమీ కాలేదు. అదే అంబలి, అదే పొట్ట. ఇక్కడ పక్కన మనుషులున్నారు. తిన్నావా అని అడిగారు. అంతే తేడా. ఇంతకాలం నన్ను నేనే రోగిష్టిదాన్ననుకున్నందుకు నా మీద నాకే జాలేసింది.

ఆ సాయంత్రం మా ఆయన నడింట్లో భోజనానికి కూర్చున్నాడు. నేనూ పీట తెచ్చి పక్కనే వేసుకుని, కంచం పెట్టుకుని కూర్చున్నాను.

"ఒసే! మగోడి పక్కన కూకుంటావేటే? కళ్ళు పడతాయి!" అంది అత్త.

"పొలంలో అందరి ముందూ తిన్నానత్తా. ఒక్క సుక్క బయటికి రానేదు."

"ఏటే నీలా, ఈ యేషాలు?" అన్నాడు మా ఆయన, తల్లి వైపు చూస్తూ.

నేను పెట్టుకున్న అన్నం ఆఖరి మెతుకు దాకా తిన్నాను. ఖాళీ కంచం అత్త ముందుకి చాపాను.

"ఇంకొంచెం ఎయ్యత్తా. దసరాకి నన్ను దింపితే దింపండి. ఆకలితో మాత్రం ఎల్లను."