సారంగి అంటే

"సారంగీ!" అని మేస్త్రీ పిలిచినప్పుడల్లా ఆమె కాళ్లు నేలమీద ఆనేవి కావు. అతను సారంగీలు బాగుచేసేవాడు. ఆమె వాటికి సంచులు కుట్టేది. ప్రాణంగా చూసుకునే వాద్యం పేరుతో పిలుస్తున్నాడంటే ఇంకేం కావాలి? పెళ్లి చేసుకుందామన్నాడు. సాయంత్రం వచ్చి చెబుతానంది. "సరే" అన్న మాట నాలుక చివరే ఉంది.

మధ్యాహ్నం పిన్ని వచ్చింది. పిన్ని భాష చెప్పే పంతులమ్మ. మాట దొరికితే చాలు, పీకి పాకం పెడుతుంది. మేస్త్రీ పెట్టిన పేరు చెప్పగానే అందుకుంది.

"సారంగమంటే జింక. తుమ్మెదా అదే, చాతకపక్షీ అదే."

"నయం, ఏనుగు లేదు."

"అదీ ఉందే తల్లీ! విశేషణంగా వాడితే మాత్రం..." పిన్ని నాలుక కరుచుకుంది.

"వాడితే?"

"మచ్చలు మచ్చలుగా ఉన్నది అని."

ఎండాకాలంలోనూ ఆమె పొడుగు చేతుల చొక్కాలే వేసుకునేది. మణికట్టు నుంచి మోచేతి దాకా తెల్లమచ్చలు. చొక్కా చేతుల్ని ఇంకాస్త కిందికి లాక్కుని వీధిలోకి నడిచింది.

పక్కనే ఓ జింక నడిచినట్టుంది. చెవి దగ్గర తుమ్మెద ముసిరినట్టుంది. మలుపు తిరగ్గానే ఒక్కటీ లేదు. మచ్చలు మాత్రం వెంటే వచ్చాయి.

మేస్త్రీ కొట్టు తలుపు తోయగానే గోడకు ఆనించిన సారంగీలన్నీ సన్నగా ఝుమ్మన్నాయి. మేస్త్రీ సారంగీ పొట్టకు బిగించే తోలును నీళ్ల తొట్టిలో నానబెడుతున్నాడు.

"ఆ పేరు నా మచ్చలు చూసే పెట్టావా?"

అతను తడుముకోలేదు. "చూసే పెట్టాను."

"ఎప్పుడు చూశావ్?"

"సంచి కొలుస్తూ ఆ కుర్చీలో నిద్రపోయావుగా. చొక్కా చెయ్యి పైకి జరిగింది. కిటికీలోంచి చెట్టు నీడ పడిందనుకున్నా. పొద్దు వాలింది, నీడంతా పోయింది. నీ చేతిమీద వెలుగు అక్కడే ఉంది. చూస్తూ కూర్చున్నా, పని చెడగొట్టుకుని."

ఆమె తన చొక్కా చేతివైపు చూసుకుంది.

"గొంతు చూసి పెట్టాననుకున్నావా? నువ్వు పాడితే నా తీగలు తెగుతాయి."

"ఛీ పో!" నవ్వు ఆగలేదు ఆమెకు.

"తోలు నానింది. తడిమీదే లాగి బిగించాలి. నా ఒక్కడివల్ల కాదు. అటు చివర పట్టుకుంటావా?"

ఆమె తొట్టి వైపు చూసింది. గుండీలు విప్పి చొక్కా చేతుల్ని మోచేతుల పైదాకా మడిచింది. నీళ్లలో మచ్చలు చేపల్లా కదిలాయి. తోలు చివర దొరికింది.

"నువ్వు గట్టిగా పట్టుకో" అంది. "నేను వదిలేదాన్ని కాదు."