కళ్ళంలో దారి

ఎలీసమ్మ కాలు ఎత్తకుండా నడుస్తోంది. మడమలు దగ్గర చేసి, వేళ్ళు ఎడం చేసి, పాదాలు నేల మీద ఈడ్చుకుంటూ మిరపకాయల్లోంచి సాగుతోంది. ఆమె వెనక కాయలు రెండు పక్కలకీ ఒదిగి చిన్న గట్లలా నిలుస్తున్నాయి. అడుగున పడి మెత్తబడిన కాయ పైకి వచ్చి ఎండకి తేలుతోంది. కాలు ఎత్తి వేస్తే కాయ చితుకుతుంది, గింజ రాలుతుంది, గట్టు మీద గొడుగేసుకు నిలబడ్డ బుల్లయ్యగారు అక్కణ్ణుంచే అరుస్తారు. అందుకని పని తెలిసినవాళ్ళెవరూ కళ్ళంలో కాలు ఎత్తరు. సాయంత్రానికి పాదాల అంచులు ఎర్రబడి, గోళ్ళ సందుల్లో మంటెక్కి, కొబ్బరినూనె పట్టిస్తే గాని కన్ను మూతపడని పని ఇది. పెళ్ళయి టౌను అంచునున్న ఈ పల్లెకి వచ్చిన ఏడాదే ఎలీసమ్మ ఈ పనిలో దిగింది. మునిసిపల్ కౌన్సిలరు అయ్యాక కూడా మానలేదు.

ఎందుకు మానలేదంటే, కౌన్సిలరు పదవి పొయ్యి వెలిగించదు గనక. మీటింగు ఉన్న రోజున తెల్లచీర కట్టుకుని, తల నున్నగా దువ్వుకుని, మునిసిపాలిటీ ఆఫీసులో ఫాను కింద కుర్చీలో కూర్చుంటుంది. మర్నాడు మళ్ళీ కుచ్చెళ్ళు ఎగదోపి, ముక్కుకి గుడ్డ చుట్టుకుని కళ్ళంలోకి దిగుతుంది. తోటి కౌన్సిలర్లకి ఇది నామోషీగా ఉండేది. "మా అందరి పరువూ తీస్తన్నావమ్మా" అని ఒకాయన బాధపడ్డాడు కూడా. "మీ పరువు నా కాళ్ళ కింద లేదులెండి, మిరపకాయలున్నయ్యి" అంది ఎలీసమ్మ.

అయితే ఈ కళ్ళానికి ఒక తిరకాసు ఉంది. ఇది కళ్ళం కాదు, దారి. పల్లె చివరి ఇంటి దగ్గర మొదలై సమాధుల తోట దాకా పోయే బాట, దాని పక్కనున్న ఖాళీ జాగా, రెండూ మునిసిపాలిటీవే. ఏడాదిలో ఎక్కువ రోజులు అది బాటే. మాఘమాసం వచ్చి చేలల్లో కాయ కోతలు మొదలయ్యేసరికి బుల్లయ్యగారు రైతుల దగ్గర కొన్న పచ్చి సరుకంతా తెచ్చి ఆ మూల నుంచి ఈ మూలకి పరిపిస్తారు. ఇక ఎండలు ముదిరి సరుకు గోడౌనుకి చేరేదాకా దారి ఉండదు. పరిచిన పంట మీదనుంచి నడవడానికి ఎవరికీ మనసొప్పదు, పల్లెవాళ్ళకి అసలే ఒప్పదు. వాళ్ళు పుట్టి పెరిగింది ఆ కాయల్లోనే. ఆ రోజుల్లో పోయినవాళ్ళని మురుగు కాలవ వెంబడి చుట్టు తిప్పి తీసుకెళ్ళాలి. టౌను మొత్తం మురుగూ కలిసే కాలవ అది. మోకాటిలోతు బురద.

ఎలీసమ్మ భర్త క్రీస్తుదాసు సరిగ్గా ఇలాంటి కళ్ళం రోజుల్లోనే పోయాడు. అప్పటికి ఆమె కౌన్సిలరై రెండేళ్ళు. పెట్టె మోస్తున్న వాళ్ళలో ఒకడి కాలు బురదలో దిగబడి, పెట్టె ఒక పక్కకి ఒరిగి, మూల దాకా మురుగులో మునిగింది. అందరూ కలిసి పైకి లేపారు. తెల్లగుడ్డ మీదికి పాకిన నల్లటి తడిని ఎలీసమ్మ చూసింది. కౌన్సిలరమ్మ మొగుడికే ఈ గతి అని ఎవరూ అనలేదు. అంటే బాగుండేదని ఆమెకి చాలా రోజులు అనిపించింది.

దారి సంగతి ఆమె మొదటి మీటింగులోనే అడిగింది. తరవాత కూడా అడుగుతూనే ఉంది. అడిగినప్పుడల్లా అందరూ తల ఊపి, వచ్చే మీటింగులో చూద్దామన్నారు. పల్లెకి కుళాయిలు వచ్చాయి, వీధిదీపాలు వచ్చాయి. అవి ఆమె తిరిగి తిరిగి తెచ్చినవే. దారి మాత్రం రాలేదు. కళ్ళం ఎత్తేయగానే అది తనంతట తనే తెరుచుకుంటుంది, జనం మరిచిపోతారు. మురుగులోంచి మోయించుకున్నవాళ్ళు లేచి వచ్చి అడగరు గదా.

"ఎలీసమ్మా, ఇట్రా" అని పిలిచారు బుల్లయ్యగారు.

ఆయన మిర్చి వ్యాపారి, ఈ టౌన్లో పార్టీకి పెద్దదిక్కు. ఎవరికి టికెట్ ఇవ్వాలన్నా ఆయన మాట మీదే. కిందటిసారి ఎలీసమ్మని నిలబెట్టింది కూడా ఆయనే. ఆమె ముక్కు గుడ్డ తీసి గట్టు దగ్గరికి వెళ్ళింది.

"సాయంత్రం ఇంటికి రా. గుంటూరు నుంచి పార్టీ పెద్దలొస్తన్నారు. టికెట్ నీదే. రేపటితో నామినేషన్లు ఆఖరు. పొద్దున్నే జీపులో పోయి ఏసొద్దాం."

"అట్టాగేనండి."

"ఈసారి మీ పల్లె మొగదల సిమెంటు ఆర్చి కట్టిద్దాం. ఈ కొస నుంచి ఆ కొసకి నీ పేరు. ఎట్టా ఉంటది?"

"బానే ఉంటది. ఆర్చి కింద నుంచి ఎటు పోవాలండీ?"

బుల్లయ్యగారి మొహం ముడుచుకుంది. ఆయన చెడ్డవాడేమీ కాదు. పండగకి పల్లెకి బియ్యం పంపుతాడు, జబ్బు చేస్తే బండి ఇస్తాడు. ఇచ్చినవన్నీ తన చేతి మీదుగా వెళ్ళాలంటాడు, అంతే. అడిగి తీసుకునేది ఆయనకి గిట్టదు.

"మళ్ళీ అదేనా? రెండు నెల్ల ముచ్చటకి నా సరుకు ఎక్కడ పోసుకోమంటావే? ఇంకే జాగా ఉంది టౌన్లో? సాయంత్రం పెద్దల ముందు సమాధుల దారి మాట ఎత్తమాక. చెప్తన్నా."

"ఎత్తితే?"

"జయకుమారి ఉంది. చదువుకున్న పిల్ల. రేప్పొద్దున జీపులో తను ఎక్కుద్ది."

ఎలీసమ్మ గుడ్డ మళ్ళీ ముక్కుకి చుట్టుకుని కళ్ళంలోకి దిగింది. టికెట్ ఆమెకి కావాలి. దాచుకోవాల్సిన పనేముంది? ఆ కుర్చీ అంటే ఆమెకి ఇష్టం. పొద్దున లేచి తలుపు తీసేసరికి నలుగురు అరుగు మీద కూర్చుని ఉండటం ఇష్టం. ఒకప్పుడు "ఏయ్" అని పిలిచిన గుమాస్తా ఇప్పుడు "అమ్మా" అని లేచి నిలబడటం మరీ ఇష్టం. ఆ కుర్చీ కోసం అయిదేళ్ళు చాలా మాటలు మింగింది. ఇంకొకటి మింగడం ఎంతసేపు?

మధ్యాహ్నం గంజి పట్టుకుని ప్రేమమ్మ ఇంటికి వెళ్ళింది. ప్రేమమ్మ చుట్టం కాదు. కొత్తకోడలుగా వచ్చిన ఎలీసమ్మకి కళ్ళంలో అడుగు ఈడ్చడం నేర్పిన మనిషి. ఆమెకి పిల్లల్లేరు. మంచం పట్టిన దగ్గర నుంచి ఎలీసమ్మే చూసుకుంటోంది. ముసలామె రెండు గుక్కలు తాగి, ఇక చాలని చెయ్యి అడ్డం పెట్టింది.

"బుల్లయ్య ఏమన్నాడే?"

"టికెట్ ఇస్తాడంట. దారి అడగొద్దంట."

"ఇస్తే తీసుకో. నువ్వు అడిగినా అడక్కపోయినా ఆ దారి ఎట్టాగూ రాదు. కుర్చీ అన్నా ఉంటది."

"అంతేనంటావా అత్తా?"

"అంతే మరి. నన్ను కాలవెంబడే మోసుకుపోండి. నాకేమన్నా వాసన తెలుస్తదా ఏంది? మీరు మూసుకోండి ముక్కులు."

ఎలీసమ్మకి నవ్వొచ్చింది. ముసలామె కూడా నవ్వబోయి దగ్గింది. సాయంత్రం పెద్దమనుషుల ముందుకి వెళ్ళాలి గనక తెల్లచీర కట్టుకునే వచ్చి, తల దువ్వుకోవాలని దువ్వెన తీసిన ఎలీసమ్మ, ముందు ప్రేమమ్మ తల ఒళ్ళో పెట్టుకుని చిక్కు తీయడం మొదలెట్టింది. ఆర్చి గురించి చెప్పింది. దాని మీద తన పేరు రాస్తే ఎలా ఉంటుందో చెప్పింది. ప్రేమమ్మ ఊఁ కొడుతూ ఉంది. జడ సగంలో ఉండగా ఊఁ కొట్టడం ఆగింది. ఒళ్ళో తల కొంచెం బరువెక్కింది. ఎలీసమ్మకి తెలిసింది. అయినా చెయ్యి ఆపలేదు. జడ చివరిదాకా అల్లి, తన కొప్పుకున్న రిబ్బను విప్పి కట్టి, అప్పుడు ఏడ్చింది.

చర్చి గంట మోగింది. కూలికి వెళ్ళినవాళ్ళు పనులు ఆపి వచ్చేశారు. సంఘపెద్ద బాలస్వామి పెట్టె చేయించాడు. పొద్దు వాలుతుండగా మోసేవాళ్ళు పంచెలు పైకి కట్టుకున్నారు, ఒకళ్ళకొకళ్ళు చెప్పుకోకుండానే. కాలవకి అదే పద్ధతి. వాళ్ళ పిక్కల్ని చూస్తూ నిలబడిపోయింది ఎలీసమ్మ. అయిదేళ్ళలో ఈ పల్లెకి తను నేర్పింది ఏమీ లేదనిపించింది. పంచెలు ఎప్పుడు ఎగగట్టాలో వాళ్ళకి ముందే తెలుసు.

బుల్లయ్యగారి జీపు వచ్చి ఆగింది. డ్రైవరు సిలార్ దిగి, పెట్టెకి దణ్ణం పెట్టి, ఆమె దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, పెద్దోళ్ళొచ్చి కూర్చున్నారు. అయ్యగారు వెంటనే తీసుకురమ్మన్నారు."

"శవాన్ని లేవదీస్తన్నాం సిలారూ."

"మీరు లేకపోయినా లేవదీస్తారు గదమ్మా" అన్నాడు మెల్లగా. మంచికోరే అన్నాడు.

"లేవదీస్తారు. ఎటు తీసకపోతారో చూడాలి గదా" అని బాలస్వామి వైపు తిరిగింది ఎలీసమ్మ. "అన్నా, పంచెలు దించమను. కాలవెంబడి కాదు. దారెంబడే పోదాం."

బాలస్వామి ఎర్రగా పరిచిన సరుకు వైపు చూశాడు. "కళ్ళం ఉందమ్మా" అన్నాడు.

"దాని కింద దారుంది."

"ఉంటే ఉంది. రేపు మనల్ని పనికెవరు పిలుస్తారు? నీ టికెట్ ఏమవుద్ది?"

"పిలవకపోతే నన్ను తిట్టుకోండి. ఓట్లు అడగటానికి వస్తే మొహం మీదే తిట్టండి. నేనొక మనిషిని ఆ మురుగులో ముంచి, నోరు మూసుకుని కుర్చీలో కూర్చున్నా. ఇంకో మనిషిని ముంచి కూర్చోలేను. సిలారూ, నువ్వెళ్ళు. ఆ టికెట్ జయకుమారికి ఇచ్చుకోమను."

చెప్పేశాక ఆమెకి భయం వేయలేదు. ఒళ్ళు తేలికైంది. ఇంత మాట అనడానికి ఇన్నేళ్ళు పట్టిందేమిటా అని తన మీద తనకే కోపం వచ్చింది.

కళ్ళం అంచున కాపలాదారు పిచ్చయ్య నిలబడి ఉన్నాడు. అంచుల్లో చెదిరిన కాయలు లోపలికి లాగే పళ్ళున్న చెక్క పార అతని చేతిలో ఉంది. అతనిదీ ఈ పల్లే. పెట్టె ఇటు రావడం చూసి పారని అడ్డంగా పట్టుకున్నాడు.

"కౌన్సిలరమ్మా, నా కొలువు పోతది. ఎవరొచ్చినా అడ్డం నిలబడమన్నారు అయ్యగారు."

"నిలబడు. వద్దన్నా ఇన్లేదని చెప్పు."

ఎలీసమ్మ చెప్పులు విడిచింది. తెల్లచీర కుచ్చెళ్ళు ఎగదోపింది. మడమలు దగ్గర చేసి, వేళ్ళు ఎడం చేసి, కాలు ఎత్తకుండా కళ్ళంలోకి సాగింది. కాయలు రెండు పక్కలకీ ఒదిగాయి. ఆమె పక్కన ఇంకొక ఆడమనిషి దిగింది, ఆమె పక్కన ఇంకొకతె. అందరూ ఈ కళ్ళంలో పనిచేసేవాళ్ళే. ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. ముందున్నవాళ్ళు తోసిన గట్టుని వెనకవాళ్ళు ఇంకొంచెం జరిపారు. ఎర్రటి సరుకు మధ్యలో మట్టి బయటపడింది, పెట్టె పట్టేంత వెడల్పున. ఘాటుకి అందరికీ దగ్గు, తుమ్ములు. కీర్తన పాడేవాళ్ళు మధ్యమధ్య ఆగి కళ్ళు తుడుచుకుంటున్నారు. దేనికి తుడుచుకుంటున్నారో అడిగే తీరిక ఎవరికీ లేదు.

జీపు మళ్ళీ వచ్చింది. బుల్లయ్యగారు సగం దిగీ దిగకుండానే అరిచారు.

"ఎలీసమ్మా! టికెట్ మర్చిపో!"

"మర్చిపోయే వచ్చానండీ!" ఆమె ఆగలేదు, వెనక్కి తిరగలేదు. "రేపు నా అంతట నేనే నామినేషను ఏసుకుంటా. ముందు ఈ దారి, ఆనక ఏదైనా. ఇంటింటికీ అదే చెప్తా. ఓడిపోతే ఈ దారెంబడే నడిచి ఇంటికి పోతా. కాయ ఒక్కటన్నా చితికిందేమో చూసుకోండి!"

బుల్లయ్యగారు అంత కోపంలోనూ వంగి చూశారు. వ్యాపారం చేసిన కళ్ళు ఊరుకోవు. చితికిన కాయ కనబడలేదు. దాంతో కోపం ఇంకా పెరిగింది.

"ఒరేయ్ పిచ్చయ్యా! చూస్తావేందిరా? వాళ్ళు తిరిగొచ్చేలోగా లాగి మూసెయ్, మొత్తం మూసెయ్!"

పిచ్చయ్య పార ఎత్తాడు. గట్టు మీది కాయలకి ఆనించాడు. పెట్టె అప్పుడే అతని ముందునుంచి పోతోంది. చిన్నప్పుడు ఇదే కళ్ళంలో తన కాళ్ళ మంటకి నూనె రాసిన ముసలమ్మ అందులో ఉంది. వెనక కొస పట్టినవాడికి దగ్గు ఆగడం లేదు. భుజం జారుతోంది.

"జరుగు, నేను పడతా" అన్నాడు పిచ్చయ్య.

బుల్లయ్యగారు పిలుస్తూనే ఉన్నారు. కీర్తన సమాధుల తోట వైపు దూరమైంది. చీకటి పడకముందే ప్రేమమ్మని మట్టిలో దించారు. కళ్ళంలో మాత్రం బాట ఎవరూ మూయలేదు. దాని అంచున, ఎర్రటి కాయల మీద, చెక్క పార పళ్ళు ఆకాశానికి పెట్టుకుని వెల్లకిలా పడి ఉంది.