మా కోడలి గొంతుకి మార్కులు

మనిషి మాటకి మిషను మార్కులేస్తుందన్న సంగతి మా కోడలి పుణ్యమా అని నాకు తెలిసింది. నేను తాపీమేస్త్రీని. గోడ వంకర పోతే మేస్త్రీని తిడతారు, అది న్యాయం. బట్టీవాడు సగం కాలిన ఇటుక పంపినా మేస్త్రీనే తిడతారు, అది అన్యాయం. మా కోడలికి జరిగింది ఈ రెండోది. ఇప్పటికీ తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

మా కోడలిది మాట మార్చి చెప్పే ఉద్యోగం. ఎక్కడో ఆసుపత్రిలో డాక్టరుది ఒక భాష, ఎదురుగా కూర్చున్న రోగిది ఇంకో భాష. మధ్యలో ఈ అమ్మాయి, మా ఇంట్లో, కిటికీ ఉన్న చిన్న గదిలో, చెవులకి ఆ పెద్ద డిప్పలు తగిలించుకుని, ఆయన మాట ఈయనకీ ఈయన మాట ఆయనకీ చెబుతుంది. అంతా ఇంటర్నెట్ మీదే. రోగుల సంగతులు బయటికి పొక్కకూడదని తలుపు వేసుకుంటుంది. లోపల ఏం మాట్లాడుకుంటారో నాకు తెలియదు. కానీ కొన్నాళ్ళుగా ఒక్క మాట మాత్రం తలుపు దాటి వచ్చేది. "క్షమించండి, ఇంకొక్కసారి చెప్పండి." పొద్దున అదే, మధ్యాహ్నం అదే.

ఒకరోజు డిప్పలు మెడలో వేలాడుతుండగానే బయటికి వచ్చి, నీళ్ళగ్లాసు పట్టుకుని, తాగకుండా అలా నిలబడిపోయింది.

"ఏమైందమ్మా?"

"ఏం లేదు మావయ్యా. నిద్రపోతున్నావా అని అడిగారు డాక్టరు గారు."

"నువ్వేమన్నావ్?"

"లేదండీ అన్నాను. ఆ మాట కూడా ఆయనకి సగమే వెళ్ళిందట."

నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. అప్పుడు చెప్పింది అసలు సంగతి. ప్రతి కాల్ అయ్యాక వాళ్ళ కంపెనీలో మిషను ఐదుకి ఇన్ని అని మార్కులు వేస్తుంది. మాట తెగకుండా, ఆగకుండా వెళ్తే మంచి మార్కులు. గుటకలు మింగుతూ వెళ్తే తక్కువ మార్కులు. ఆ తక్కువ మార్కులు వైరు పేరు మీద పడవు, మా కోడలి పేరు మీద పడతాయి. ఇలాగే ఉంటే ఉద్యోగంలోంచి తీసేస్తామని పైన ఉండే మేడమ్ చెప్పిందట. ఆవిడకి నేను అప్పుడే మార్కులమ్మ అని పేరు పెట్టేశాను.

ఈ ఉద్యోగం ఆ పిల్లకి ఊరికే రాలేదు. పొయ్యి మీద కూర ఉడుకుతుంటే గరిటె ఒక చేత్తో, జబ్బుల పేర్ల పుస్తకం ఇంకో చేత్తో పట్టుకుని చదివింది. ఒకసారి పరీక్ష తప్పి మళ్ళీ కూర్చుంది. అలాంటిదాన్ని పట్టుకుని నిద్రపోతున్నావా అంటారా!

ఇంటర్నెట్ వాళ్ళకి ఫోను చేస్తే లైను చూసే మనిషి వచ్చాడు. నడివయసు వాడు, బొజ్జ మీద బెల్టు, బెల్టుకి రకరకాల పనిముట్లు. చెప్పులు విప్పకముందే, "ముందు అన్నీ ఆపేయండి" అన్నాడు. టీవీ ఆపాడు. ఫోన్లన్నీ లైన్లోంచి తీయించాడు. నేను బాత్‌రూమ్ దగ్గర జారి పడ్డప్పటి నుంచీ మావాడు నా గదిలో ఒక కెమెరా పెట్టాడు, షాపులో కూర్చుని నన్ను చూసుకోవడానికి. ఈ లైను మనిషి దాని ప్లగ్గు కూడా పీకేశాడు. కోడల్ని కాల్ కట్ చేయమన్నాడు. ఇల్లంతా చడీచప్పుడూ లేకుండా అయ్యాక తన ఫోనులో ఏదో నొక్కాడు. ఒక సూది గబగబా పైకి లేచింది.

"చూశారా తాతగారూ, స్పీడు! లైను బంగారం అండీ."

"మరి మాట ఎందుకు తెగుతోందయ్యా?"

"అది మా లైను కాదండీ. అమ్మగారు కాస్త మైకు దగ్గరగా పెట్టుకుని మాట్లాడాలి."

అమ్మగారు అతని వంక ఒక చూపు చూసింది. నేనైతే ఆ చూపుకే మెట్లు దిగిపోయేవాణ్ణి. కంపెనీ అడిగిందని లైను బాగుందన్న రిపోర్టు తీసుకున్నాం, అది తిన్నగా మార్కులమ్మకి చేరింది. లైను బాగుంది, మార్కులు బాగులేవు, కాబట్టి లోపం మనిషిది అని తేల్చారు. శుక్రవారం పెద్దవాళ్ళు చెవి పెట్టి వినే పరీక్ష కాల్ ఒకటుంటుంది, అందులోనూ ఇంతే అయితే ఇక రావక్కర్లేదు అన్నారు.

ఆ రాత్రి మావాడు భార్యకి ధైర్యం చెబుతూ, "పోతే పోయిందిలే, ఇంకో పని చూసుకుందువు" అన్నాడు.

"పోతే పోనీ అనడానికి అదేమన్నా చెప్పుల జతా?" అంది.

పిల్ల ఒక్క ముద్ద కూడా తినలేదు. నాకు ఆగలేదు.

పొద్దున్నే ఇంటర్నెట్ వాళ్ళకి మళ్ళీ ఫోను చేశాను. 'మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం' అని ఒక టేపు పాడింది. అంత ముఖ్యమైతే ఎత్తొచ్చుగా! చివరికి ఎవరో ఎత్తారు, నేను గట్టిగా అరిచాను, అదే లైను మనిషి మళ్ళీ వచ్చాడు. వస్తూనే టీవీ స్విచ్చు మీద చెయ్యి వేయబోయాడు. నేను కర్ర అడ్డం పెట్టాను.

"ముట్టుకున్నావంటే ఊరుకోను. ఇల్లు ఎలా ఉందో అలా ఉండగా కొలువు."

"అన్నీ ఆపి కొలవాలండీ, మా రూలు."

"ఎవరి రూలు? దగ్గొస్తోందని ఆసుపత్రికి వెళ్తే, దగ్గడం ఆపితేనే చూస్తానంటాడా డాక్టరు? మా కోడలు ఖాళీ ఇంట్లో పని చేయదు. టీవీ మోగుతుంది, మావాడు కెమెరాలో నన్ను చూస్తుంటాడు, కింద పోర్షన్ పిల్ల ఏడుస్తుంది. వీటి మధ్య మాట్లాడాలి."

"తాతగారూ, నా ఉద్యోగం..."

"నీ ఉద్యోగం ఉద్యోగమే, ఆ పిల్లది కాదా?"

కోడలు నన్ను వారించలేదు. తన తోటి ఉద్యోగిని ఒకామెకి కాల్ కలిపి, "రోజూలాగే మాట్లాడతాను, అది నడుస్తుండగా చూడండి" అంది. అతను తల గోక్కుని, బ్యాగులోంచి ల్యాప్‌టాప్ తీశాడు. ఈసారి సూది లేదు. ఒక గీత వచ్చింది. అది రంపం పళ్ళలా ఎగిరెగిరి పడుతోంది.

"ఇదేంటయ్యా?"

అతను చెప్పింది నాకు అర్థమైనట్టు చెబుతాను. మాట మొత్తంగా వెళ్ళదట, ముక్కలుగా వెళ్తుందట. మేం పైఅంతస్తుకి ఇటుకలు అందించేటప్పుడు వరసగా నిలబడతాం. ఒకే ఎడంతో వస్తుంటే చేతులు వాటంతట అవే అందుకుంటాయి. ఒకటి ఆలస్యమై, వెనకే రెండు కలిసి వచ్చాయా, ఒకటి కింద పడుతుంది. మాట ముక్కలూ అంతే. ఎడం తప్పి వచ్చినవాటిని అవతల మిషను పారేస్తుంది. వినేవాడికి అక్కడ గుటక. సూది చూపించే స్పీడుకీ దీనికీ పొత్తే లేదు.

"అయితే ఎడం ఎందుకు తప్పుతోంది?"

అతను ఒక్కొక్కటే ఆపుతూ వచ్చాడు. టీవీ ఆపాడు, గీత ఎగురుతూనే ఉంది. ఫోన్లు తీయించాడు, అలాగే ఉంది. నా గదిలోకి వెళ్ళి కెమెరా ప్లగ్గు లాగాడు. గీత నీళ్ళు కొట్టి చదును చేసిన గచ్చులా అయిపోయింది. నన్ను చూసుకునే బొమ్మలు పొద్దస్తమానం పైకి పోతూ, ఆ పిల్ల మాటకి అడ్డం పడుతున్నాయన్నమాట.

"కిందికి రావడానికి పెద్ద రోడ్డండీ, పైకి పోవడానికి సందు. అందరి ఇళ్ళలోనూ ఇంతే. కెమెరా ఆ సందంతా ఆక్రమించేస్తోంది" అన్నాడు.

"అమ్మేటప్పుడు రోడ్డు గురించి అంత ఊదరగొట్టారే, సందు సంగతి చెప్పలేదేం?"

"ఎవరూ అడగరండీ."

"ఇప్పుడేం చేయాలి?"

"ఈ ఇంటర్నెట్ పెట్టెలో మాటకి ముందు దారి ఇమ్మని పెట్టొచ్చు. మిగతావి దాని వెనక ఆగి వెళ్తాయి." నాలుగు మీటలు నొక్కి, కెమెరా మళ్ళీ పెట్టాడు. గీత కదల్లేదు.

"ఇంతేనా? ఈ నాలుగు మీటలు మొదటి రోజే నొక్కొచ్చుగా!"

"మొదటి రోజు లైను బాగుంది కదండీ" అన్నాడు. ఎగతాళికి కాదు, నిజంగానే అన్నాడు. అలాంటివాణ్ణి ఏమని తిట్టాలి! ఈసారి చూసింది చూసినట్టు మార్కులమ్మకి పంపమని కోడలు అడిగితే, పాపం, అక్కడే కూర్చుని పంపాడు.

సాయంత్రం మావాడు షాపు నుంచి ఫోను చేశాడు. "నాన్నా, నువ్వు మసగ్గా కనిపిస్తున్నావ్!"

"స్పష్టంగా చూడాలంటే ఇంటికి రారా!"

శుక్రవారం పరీక్ష కాల్ జరిగింది. నేను టీవీ ఆపలేదు, పంతం కొద్దీ. తలుపు అవతల కోడలి గొంతు తాపీగా సాగిపోయింది. ఇంకొక్కసారి చెప్పండి అన్న మాట ఒక్కసారీ వినపడలేదు. ఆ తరువాత తలుపు తీసింది. మార్కులమ్మ మాట్లాడుతోంది, స్పీకరులో.

"చాలా బాగుంది అండీ. ఉద్యోగానికి ఇబ్బంది లేదు. హెచ్చరించిన తరువాత మీ పనితీరు బాగా మెరుగుపడింది అని రాసేస్తున్నాను."

నేను హమ్మయ్య అనుకుని కుర్చీలో కూలబడ్డాను. కోడలు మాత్రం కూర్చోలేదు. మెడలోని డిప్పలు సరిచేసుకుంది.

"మేడమ్, నా పనితీరు మెరుగుపడలేదండీ."

"అంటే?"

"మొదటి నుంచీ ఇంతే బాగుంది. మెరుగుపడింది లైను. కొలిచిన కాగితం మీకు పంపారు కదా. తగ్గిన మార్కులు లైనువి. నా పేరు మీద నుంచి తీసేయండి."

"అబ్బా, ఉద్యోగం ఉందిగా. ఇప్పుడు ఆ పాతవన్నీ ఎందుకమ్మా?"

"రేపు ఇంకో మేడమ్ వస్తారు. వీళ్ళని హెచ్చరిస్తే గానీ పని చేయరు అని చదువుకుంటారు. నేను నిద్రపోలేదండీ."

అవతల మీటలు టకటకలాడాయి, ఆ కాగితం తెరిచి చూసుకుంటున్నట్టుంది.

"సరే, మారుస్తాను. మార్చి సాయంత్రం మెయిల్ పెడతాను."

"వద్దండీ. ఇప్పుడే మార్చి చదివి వినిపించండి" అంది మా కోడలు, కుర్చీ లాక్కుని కూర్చుంటూ. "నేను లైన్లోనే ఉంటాను."