మధ్యలో కూర్చున్నవాడు

ఈ గాలి ఇలాగే నిలిస్తే మలుపు గుర్తుగా నీళ్ళ మీద తేలే ఆ నారింజరంగు బంతిని చుట్టి వచ్చేటప్పుడు పందెం పడవలవాళ్ళు ఎండకు ఎదురవుతారు, ముఖాల మీద వెలుతురు బాగా పడుతుంది, అనుకుంటూ పెర్లిటా చుక్కాని కర్రను మోకాళ్ళ మధ్య బిగించింది, చేతులు రెండూ కెమెరాకే కావాలి మరి, ఒంటి మనిషి పడవ నడుపుతూ పందెం ఫోటోలు తీయడమంటే చంకలో పిల్లాడితో వంట చేసినట్టే, కాస్త ఏమరితే తెరచాప వాసం తల మీదికొస్తుంది, తల వంచుకోవే పెర్లీ అని అరిచేవాడు ఎలిసియో పందెం పడవలోంచి, పందెం చూసుకోక పెళ్ళాం తలకాయ చూసుకుంటావేమిట్రా అని చుక్కాని పట్టిన పిడ్యోంగ్ ముసలాయన కసిరేవాడు, ఇవాళ ఎవరూ అరవలేదు, ఆమె తనంతట తనే తల వంచుకుంది.

ఎర్రచారల తెరచాప ఇంకా దూరంగానే ఉంది, అందులో ఎప్పుడూ ముగ్గురే, వెనక పిడ్యోంగ్, ముందు ఆయన కొడుకు రోమెల్, మధ్యలో తాళ్ళు లాగే తన మొగుడు ఎలిసియో, ముగ్గుర్ని ఒక్క ఫోటోలో తీస్తే మధ్యవాడు ముందు పోతాడే తల్లీ అని అమ్మమ్మ చిన్నప్పుడే చెవిలో పోసింది, గలేరా రేవులో ఈ మాట తెలియనివాళ్ళు లేరు, పెళ్ళిళ్ళలో అయితే నాలుగోవాణ్ణి ఎవర్నో లాక్కొచ్చి నిలబెడతారు, నీళ్ళ మీద నాలుగోవాణ్ణి ఎక్కడ తెచ్చేది, అందుకే ఆమె కెమెరా ఎత్తగానే ఎలిసియో చటుక్కున పడవ అడుక్కి వంగేవాడు, నేను చచ్చానే పెర్లీ, ఇక తీసెయ్, అని అక్కణ్ణించి కేక, నోరు ముయ్, అవేం మాటలు, అని ఈమె కేక, బటన్ నొక్కగానే లేచి పళ్ళన్నీ బయటపెట్టి నవ్వేవాడు, అప్పటికి కెమెరా దించేసి ఉండేది, ఫోటోకి అంత జంకేవాడు చీమల పుట్ట పక్కనుంచి పోతూ మాత్రం, అందులో కాపురముండే భూతం ముసలాయన్ని దారి అడగవయ్యా, లేకపోతే కీడు చేస్తాడు, అని ఈమె అంటే, ఆయనే నన్నడగాలి అనేవాడు.

అంత జాగ్రత్తపడి ఏం లాభం, పోయిన వానల్లో జ్వరమొచ్చి, అవతలి ఒడ్డు ఆస్పత్రికి పడవ కుదిర్చేలోపే పోయాడు, శవపేటిక మీద పెట్టడానికి ఫోటో కావాలన్నారు, పెళ్ళి ఫోటోలు ఏనాడో తుఫాను నీళ్ళలో నానిపోయాయి, ఇంటి దగ్గర తీద్దామంటే నేలమీద నా మొహం నాకే నచ్చదు అని పారిపోయేవాడు, చివరికి లైసెన్సు మీది ఫోటోనే పెద్దది చేయించారు, అందులో నవ్వు లేదు, ఊరందరికీ ఫోటోలు తీస్తుంది, మొగుడి ఫోటో లేదట, అని శవం దగ్గర జాగారంలో పేకాడుతూ ఎవరో అన్నారు, నిజమే, పడవ పందేల క్లబ్బు గోడ నిండా ఆ పడవే, ఒకదాంట్లో తాడు పట్టిన చెయ్యి, ఒకదాంట్లో వీపు, ముఖం ఒక్కదాంట్లోనూ లేదు, ఆ ముఖం ఎంత కావాలనిపిస్తుందో, గాలి ఉప్పగా తగిలినప్పుడల్లా కావాలనిపిస్తుంది, ఒక్కటి, మసకదైనా సరే.

అదిగో, తిరిగారు, మధ్యలో ఇప్పుడు ఎలిసియో తమ్ముడు నెస్టర్, అదే మెడ, అదే పాత టోపీ, ఆమె కెమెరా ఎత్తింది, వాడు చటుక్కున వంగాడు, నేను చచ్చాను వదినా, ఇక తీసెయ్, అని కేకేశాడు, అంతే, ముగ్గురూ బిగుసుకుపోయారు, నోరు జారింది వదినా, అన్నయ్య ఎప్పుడూ అలా అనేవాడని, అంటూ అడుగునుంచి సన్నని గొంతు, ఇప్పుడు నొక్కితే రెండే తలలు, వెలుతురు కూడా బాగుంది, వేలు కదల్లేదు, లే నెస్టర్, తలెత్తు, అంది, ముగ్గురం వదినా, అని వాడు నసిగాడు, లేవరా అని ఆమె అంటుంటే, ఇదేమిటమ్మాయ్, వాడికింకా పెళ్ళైనా కాలేదు అని పిడ్యోంగ్ సిలువ గీసుకున్నాడు, నెస్టర్ లేచాడు, ముఖం పాలిపోయింది, భయంగా లేదురా, అంటే, భయమే, నీకు కావాలిగా, అని పళ్ళు బయటపెట్టి నవ్వబోయాడు, ఆమె నొక్కింది.

పడవ దూసుకుపోయింది, ఆ కెరటానికి వాసం గిర్రున తిరిగింది, పెర్లిటా గబుక్కున తన పడవ అడుక్కి వంగింది, అక్కణ్ణించి చెక్కలూ నిలవ నీళ్ళూ తప్ప ఏమీ కనబడలేదు, పందెం లేదు, సముద్రం లేదు, ప్రతి పందెంలోనూ ఎలిసియో చూసింది ఇదేనన్నమాట, పుట్టకే భయపడనివాడు ఫోటోకి భయపడతాడా, నీకు కావాలిగా అని వీడు లేచాడు, నీకు భయమేగా అని ఎలిసియో వంగాడు, తన ప్రాణం కోసం ఒక్కసారీ వంగలేదు.